రెపో తగ్గినా నా పాత హోమ్ లోన్ వడ్డీ తగ్గట్లేదు. ఎవరో ఎగ్గొట్టిన బాకీ నేను కడుతున్నానా?

కొత్తపేట_శ్రీను
అందరికీ నమస్తే. కొంచెం మంట మీద రాస్తున్నా, ఏమీ అనుకోకండి. 2014 జూలైలో ఒక ప్రభుత్వ బ్యాంకులో 30 లక్షలు తీసుకున్నా, 20 ఏళ్లకి, 10.15 శాతం. ఈఎంఐ 29,250. పదకొండేళ్లలో ఒక్క నెల తప్పలేదు, కరోనాలో మారటోరియం ఇస్తామన్నా వద్దన్నా. మధ్యలో వడ్డీ తగ్గినప్పుడు కూడా ఈఎంఐ అలాగే ఉంచమన్నా, త్వరగా తీరిపోతుందని. మొన్న స్టేట్‌మెంట్ తీస్తే ఇంకా 17 లక్షలు ఉంది. వడ్డీ ఎంతా అంటే 10.20. అంటే మొదలుపెట్టిన చోటికే వచ్చా, ఇంకో 5 పైసలు ఎక్కువే!

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, 6.50 నుంచి 5.50కి వచ్చింది కదా. మా పక్క ఫ్లాట్ కుర్రాడు పోయిన నెల అదే బ్రాంచిలో లోన్ తీసుకున్నాడు, 7.90కి. వెళ్లి అడిగితే అక్కడున్న ఆఫీసరు "సార్, మొండి బాకీల భారం ఉంటుంది కదండీ, బ్యాంకు కూడా బతకాలి" అన్నాడు. అదేం జవాబండీ? బాకీ ఎగ్గొట్టింది నేనా? నిజంగా మొండి బాకీలకీ నా వడ్డీకీ సంబంధం ఉందా, లేక కౌంటర్లో నన్ను వదిలించుకోడానికి చెప్పే మాటా?

పిచ్చుకగూడు
సంబంధం లేకేం అన్నా. పెళ్లి భోజనంలో పది మంది చదివింపులు ఎగ్గొడితే మిగతా వాళ్ల ఆకులో స్వీటు మాయం.

పాతక్యాషియర్
శ్రీనుగారూ, 1982లో బ్యాంకులో క్లర్కుగా చేరి 2019లో రిటైరయ్యా, ఆఖరి పదేళ్లూ క్రెడిట్ సెక్షన్‌లోనే. ఆ ఆఫీసరు చెప్పింది సగం నిజం. ముందు ఆ సగం చెప్తా.

మీ ఊళ్లో ఒకాయన పది మందికి తలా వంద ఇచ్చాడనుకోండి. ఆ వెయ్యి ఆయనది కాదు, ఇంకొకరి దగ్గర నూటికి ఏడాదికి 6 రూపాయల చొప్పున తెచ్చాడు. అంటే ఏడాది తిరిగేసరికి 1,060 కట్టాలి. పది మందీ తిరిగిస్తే ఒక్కొక్కరి దగ్గర 106 తీసుకుంటే చాలు. ఒకడు పూర్తిగా ముంచాడనుకోండి, ఆ 1,060 తొమ్మిది మంది దగ్గరే రావాలి, తలా 118 పడుతుంది. ముంచినవాడి మీద వడ్డీ పెంచలేడు కదా, వాడు ఊళ్లోనే లేడు! పెంచితే ఉన్నవాళ్ల మీదే పెంచాలి. బ్యాంకులో తాకట్టు ఉంటుంది, కొంత వసూలవుతుంది కాబట్టి ఇంత ఘోరంగా ఉండదు గానీ వరస అదే.

ఇక బ్యాంకు పుస్తకాల్లో ఇదెలా జరుగుతుందో చెప్తా, చాలామందికి తెలీదు. ఒక రైస్ మిల్లుకి కోటి రూపాయల టర్మ్ లోన్ ఉంది. బాగా కట్టినంత కాలం దాని మీద బ్యాంకు పక్కన పెట్టేది నూటికి పావలా, అంటే పాతిక వేలు. కంతు గడువు దాటి 90 రోజులు దాటిందా, 91వ రోజున అది మొండి బాకీ, మా భాషలో ఎన్‌పీఏ. ఆ రోజు నుంచి ప్రొవిజన్ నూటికి 15 రూపాయలు, అంటే 15 లక్షలు లాభంలోంచి తీసి పక్కన పెట్టాలి. అంతకుముందు "రావాల్సిన వడ్డీ" అని ఆదాయంలో రాసుకుని ఇంకా చేతికి రానిది వెనక్కి తిప్పాలి. ఇకనుంచి వడ్డీ చేతికి వస్తేనే ఆదాయం. ఏడాది అలాగే ఉంటే తాకట్టు ఉన్న భాగం మీద 25 శాతం, ఇంకో ఏడాదికి 40, అలా చివరికి నూటికి నూరు. తాకట్టు చాలని భాగానికైతే ఏడాది దాటగానే నూటికి నూరే. కానీ ఆ కోటి ఇవ్వడానికి వాడిన డిపాజిటర్ల డబ్బుకి బ్యాంకు వడ్డీ కడుతూనే ఉండాలి. మార్చి 31 దగ్గరకొచ్చేసరికి మాకు నిద్ర ఉండేది కాదు. 75 రోజులు, 80 రోజులు దాటిన ఖాతాల లిస్టు పట్టుకుని ఇళ్ల చుట్టూ తిరిగేవాళ్లం.

లెక్కతేలాలి
అంకుల్ చెప్పింది కరెక్టే, కానీ ఒక మెలిక ఉంది. నేను సీఏ చేసి బ్యాంకు ఆడిట్లకి వెళ్తుంటా. బ్యాంకు తనే లెక్కేసుకునే కనీస వడ్డీ రేట్లయిన, 2010 జూలై నుంచి వచ్చిన బేస్ రేటు లెక్కలో గానీ, 2016 ఏప్రిల్ నుంచి వచ్చిన ఎంసీఎల్‌ఆర్ లెక్కలో గానీ "మొండి బాకీల నష్టం" అని ఒక వరుస ఉండదు. ఎంసీఎల్‌ఆర్‌లో ఉండేవి డిపాజిట్ల లాంటి నిధుల ఖర్చు, సీఆర్‌ఆర్ కింద ఆర్‌బీఐ దగ్గర వడ్డీ లేకుండా పడి ఉండే డబ్బు ఖర్చు, నిర్వహణ ఖర్చు, కాలపరిమితికి కొంచెం అదనం. అంతే. కాబట్టి "ఎన్‌పీఏల వల్ల మీ రేటు పెంచాం" అని కాగితం మీద ఎక్కడా రాయలేరు.

మరి ఎక్కడ దూరుతుందంటే, ఒకటి స్ప్రెడ్‌లో, అంటే ఆ రేటు పైన బ్యాంకు కలిపే అదనంలో. ఇంకొకటి ఇంకా తెలివైనది. రేట్లు పెంచాల్సినప్పుడు పరుగెత్తడం, తగ్గించాల్సినప్పుడు కాలు కదపకపోవడం. 2015 జనవరి మొదట్లో రెపో 8. 2016 అక్టోబరుకి 6.25. తగ్గింది 1.75. అదే కాలంలో ఎస్‌బీఐ బేస్ రేటు 10 నుంచి 9.30కి వచ్చింది, అంటే 70 పైసలు. మిగతా రూపాయి పైచిలుకు ఎక్కడికి పోయింది? సరిగ్గా అదే టైంలో అప్పటి గవర్నరు రాజన్ గారి ఆర్‌బీఐ పుస్తకాలు తెరిపించి చూసింది, ఏక్యూఆర్ అన్నారు దాన్ని. కార్పెట్ కింద ఊడ్చిన చెత్తంతా బయటపడింది. 2015 మార్చిలో బ్యాంకుల మొత్తం అప్పుల్లో 4.3 శాతం ఉన్న ఎన్‌పీఏలు 2018 మార్చికి 11 దాటాయి. ప్రొవిజన్లకి డబ్బు కావాలి. పాత అప్పుల మీద మార్జిన్ వదులుకుంటే అదెక్కడి నుంచి వస్తుంది?

కొత్తపేట_శ్రీను
అంటే నా 10.20 అదేనా? ఇప్పటికీ బేస్ రేటు మీదే ఉన్నట్టున్నా, పేపర్లో "బేస్ రేట్ ప్లస్ 0.15" అని ఉంది.

లెక్కతేలాలి
అయ్యో, ఇంకా బేస్ రేటేనా! అయితే మీకో సంగతి చెప్పాలి. నోట్ల రద్దు తర్వాత బ్యాంకుల్లో డిపాజిట్లు వరదలా వచ్చాయి గుర్తుందా? 2017 జనవరి 1న ఎస్‌బీఐ ఏడాది ఎంసీఎల్‌ఆర్‌ని 8.90 నుంచి 8కి దించింది. ఒకేసారి 90 పైసలు. అదే జనవరిలో బేస్ రేటుని ఎంత దించిందంటే 5 పైసలు. 9.30 నుంచి 9.25. ఒకే బ్యాంకు, ఒకే డిపాజిట్ల డబ్బు. కొత్తగా వచ్చేవాళ్లని పట్టుకోవాలి కాబట్టి వాళ్లకి 90, పాతవాళ్లు ఎక్కడికీ పోరు కాబట్టి 5. ఆ ఏడాదే ఆర్‌బీఐలో జనక్ రాజ్ గారి బృందం దీని మీద రిపోర్టు ఇచ్చింది, బ్యాంకులు బేస్ రేటు, ఎంసీఎల్‌ఆర్ లెక్కలు ఇష్టమొచ్చినట్టు వేసుకుంటున్నాయని. ఆ తర్వాతే 2019 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే, వడ్డీ మారుతుండే (ఫ్లోటింగ్) ఇంటి లోన్లు, చిన్న పరిశ్రమల లోన్లు రెపో లాంటి బయటి రేటుకి కట్టాలని రూల్ వచ్చింది. మీ పక్క ఫ్లాట్ అబ్బాయిది అదే.

పిచ్చుకగూడు
పాత అల్లుడికి పచ్చడి మెతుకులు అంటే ఇదే గావాల.

అది సరే, అసలు ఈ మొండి బాకీలన్నీ రుణమాఫీల వల్ల వచ్చినవి కాదూ? ఓట్ల కోసం మాఫీ చేస్తారు, శ్రీనన్న కడతాడు.

పాతక్యాషియర్
బాబూ, అది తేలిగ్గా అనేసే మాట. మాఫీలో బ్యాంకుకి డబ్బు ప్రభుత్వం కడుతుంది, ఆలస్యంగానో విడతలుగానో. అందులో నష్టం లేదనను. 2014లో మన రెండు రాష్ట్రాల్లో మాఫీ ప్రకటించగానే రైతులు లోను తిరగరాయడం మానేశారు, మాఫీ అవుతుందిలే అని. తిరగరాసి టైముకి కడితే 4 శాతం పడాల్సిన పంట రుణానికి, గడువు దాటాక ఆ రాయితీ పోయి మామూలు వడ్డీ పడింది. నేను అప్పుడు పల్నాడులో ఉన్నా, కౌంటర్ దగ్గర ఒక ముసలాయన "మీరే గదయ్యా కట్టొద్దన్నారు" అని నా మీద కేకలేశాడు. కట్టొద్దన్నది మేం కాదు, మీటింగుల్లో విన్నాడు. అయినా ఏం చెప్తాం!

కానీ బ్యాంకుల నడ్డి విరిచింది అది కాదు. 2017 జూన్‌లో ఆర్‌బీఐ దివాలా కోర్టుకి పంపమని 12 ఖాతాలు ఏరింది. పన్నెండంటే పన్నెండే. దేశంలో ఉన్న మొత్తం ఎన్‌పీఏల్లో సుమారు పావు వంతు వాటిలోనే ఉంది! ఎస్సార్ స్టీల్, భూషణ్ స్టీల్ లాంటివి. మన హైదరాబాద్ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ కూడా ఆ పన్నెండులో ఉంది. భూషణ్‌ని టాటా స్టీల్ కొంది, ఎస్సార్‌ని 42 వేల కోట్లకి ఆర్సెలర్ మిత్తల్ కొంది, కొంత వెనక్కొచ్చింది. ల్యాంకోకి సరైన కొనుగోలుదారు దొరకలేదు, 2018లో హైదరాబాద్ దివాలా కోర్టు (ఎన్‌సీఎల్‌టీ) లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులు అమ్మేయడానికి, పంపింది. కరెంటు ప్లాంట్లకి బొగ్గు లేక, గ్యాసు లేక, కొనేవాళ్లు లేక పోయిన అప్పులు దానివి. మొత్తం మీద కొన్ని మోసాలు, కొన్ని దురదృష్టాలు, కొన్ని మా పెద్దాఫీసుల కళ్లు మూసుకున్న సంతకాలు.

దూదిబేలు
నాది కూడా వినండి. చిలకలూరిపేట పక్కన గణపవరంలో మాకు చిన్న స్పిన్నింగ్ మిల్లు. మీరంతా హోమ్ లోన్ గొడవలో ఉన్నారు గానీ మొండి బాకీల దెబ్బ వ్యాపారం చేసేవాడికి వడ్డీ రూపంలో మాత్రమే రాదు, అసలు అప్పే పుట్టకపోవడం రూపంలో వస్తుంది.

2018లో మా బ్యాంకు పీసీఏలో, అంటే ఆర్‌బీఐ ఆంక్షల లిస్టులో, పడింది. పేరెందుకు లెండి, అప్పట్లో 11 ప్రభుత్వ బ్యాంకులు పడ్డాయి. నికర ఎన్‌పీఏలు 6 శాతం దాటితే ఆ గీత దాటినట్టే, ఆర్‌బీఐ ఆంక్షలు పెడుతుంది. ఆ ఏడు పత్తి రేటు పెరిగింది, సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్, అంటే వ్యాపారానికి వాడుకునే అప్పు పరిమితి, 3 కోట్ల నుంచి 4 చేయమని అడిగా. ఎనిమిదేళ్లలో నా ఖాతా ఎస్ఎంఏ-1లోకి కూడా వెళ్లలేదు, అంటే నెల రోజులు కూడా ఓవర్‌డ్యూ లేదు. మేనేజరు మంచాయన, కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు, "మీ మీద నాకు అనుమానం లేదు సార్, టెక్స్‌టైల్ అనగానే పైన ఫైలు ఆగిపోతోంది" అని. రెన్యువల్‌లో స్ప్రెడ్ ముప్పావలా పెంచారు కూడా. కారణం అడిగితే సెక్టార్ రిస్క్ అన్నారు. పక్క మిల్లు మునిగితే నాకు రిస్క్ పెరిగింది!

సరే అని ఎన్‌బీఎఫ్‌సీకి, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీకి, వెళ్లా. ఆగస్టులో 13.5 అన్నారు. కాగితాలు తయారయ్యేసరికి సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కూలింది, 90 వేల కోట్ల పైన అప్పున్న సంస్థ. ఎన్‌బీఎఫ్‌సీలకే అప్పు పుట్టడం మానేసింది. నాకు చివరికి 16కి దొరికింది. బొంబాయిలో ఎవరో కంతు కట్టకపోతే గణపవరంలో నా దూది ఖరీదైంది, ఇది ఏ లెక్కలో రాస్తారు మేడం?

లెక్కతేలాలి
దాన్ని ఏ లెక్కలోనూ రాయరు అన్నయ్యా, అదే బాధ. ఎంసీఎల్‌ఆర్ చార్టు తీసి "చూడండి, రేట్లు తగ్గాయి" అంటారు. మీకు రాని ఆ కోటి ఏ చార్టులోనూ కనపడదు.

గోంగూర_డాలస్
ఇక్కడ ఉన్న తేడా ఒకటి చెప్తా. డాలస్‌లో 2021లో 3 శాతానికి ఇల్లు కొన్నా, 30 ఏళ్ల ఫిక్స్‌డ్. ఆ తర్వాత రేట్లు 7 దాకా పోయాయి, బ్యాంకులు మునిగాయి తేలాయి, నా ఈఎంఐలో ఒక్క సెంటు మారలేదు. ఇక్కడ బ్యాంకు కష్టాలు కొత్తగా అప్పు అడిగేవాళ్ల మీద పడతాయి, పాతవాళ్ల మీద పడే దారి లేదు. మన దగ్గర దాదాపు అందరివీ ఫ్లోటింగే కాబట్టి పాతవాడు సులువుగా దొరుకుతాడు. అయితే 2008లో ఇక్కడ జరిగింది తలుచుకుంటే ఈ ఊరే గొప్పదని చెప్పను లెండి.

హన్మకొండ_రజిత
అందరూ పెద్ద బ్యాంకుల గురించే మాట్లాడుతున్నారు. 2010 గుర్తుందా ఎవరికైనా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ వాళ్ల వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యలు, ఆ అక్టోబరులో ఆర్డినెన్స్. నేనప్పుడు ఇంటర్. మా అమ్మ మూడు కంపెనీల దగ్గర తీసుకుంది, వారం వారం కట్టేది. ఆర్డినెన్స్ వచ్చాక వాడకట్టులో అందరూ కట్టుడు బంద్ చేసిన్రు. మా అమ్మ ఇంకో రెండు నెలలు కట్టింది, పాస్‌బుక్ ఇప్పటికీ బీరువాలో ఉంది, నీలం రంగుది, ప్రతి వారం ముద్ర. తర్వాత వసూలుకొచ్చే పిల్లగాడే రావడం మానేసిండు.

అందరూ అప్పు మాఫైందని సంబరపడ్డారు. ఆ తర్వాత ఏమైంది? ఆ కంపెనీలకి బ్యాంకులు అప్పివ్వడం ఆపేశాయి, అవి మన జిల్లాల్లో కొత్త అప్పులు ఆపేశాయి. ఆర్‌బీఐ వేసిన మాలెగాం కమిటీ 2011లో వడ్డీ 24 శాతం దాటొద్దని చెప్పింది, మంచిదే, కానీ ఇచ్చేటోడు ఉంటే కదా. అమ్మ కూరగాయల బండికి గిరిగిరి, అంటే రోజువారీ వసూలు వడ్డీ వ్యాపారి, దగ్గరికి పోయింది. చేతికి 9 వేలు ఇస్తరు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తది. లెక్కేస్తే ఏడాదికి 80 శాతం దాటుతది. కట్టనోళ్ల బాకీ కట్టినోళ్లు ఎట్ల కడతరు అని అడుగుతున్నరు కదా శ్రీనన్నా, ఇట్ల కడతరు.

పాతక్యాషియర్
రజితమ్మా, ఈ చర్చలో అన్నిటికంటే విలువైన మాట నువ్వు చెప్పావు. మా బ్రాంచిలో డ్వాక్రా సంఘాల వసూళ్లు ఎప్పుడూ పెద్ద ఖాతాల కంటే బాగుండేవి, అయినా హామీ సంతకాలు అడిగేది ఆడవాళ్లనే.

ఆంధ్రా బ్యాంకు గురించి కూడా ఒక మాట రాయాలనిపిస్తోంది. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నేను అందులో పని చేయలేదు గానీ…

నిర్వాహకుడు
పెద్దాయన్ని ఆపడం ఇష్టం లేదు గానీ విలీనాల మీద వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకుందాం. ఇక్కడ వడ్డీ సంగతే.

పిచ్చుకగూడు
ఇంకో డౌటు. ఇప్పుడు ఎన్‌పీఏలు బాగా తగ్గాయంటున్నారు కదా. మరి ఇంకా ఆ సాకేనా? పెద్దోళ్లవి రైటాఫ్ చేసి తగ్గించారంట కదా?

లెక్కతేలాలి
2024 మార్చికి 2.8 శాతం, ఇప్పుడు ఇంకా తక్కువ. దశాబ్దం పైగా ఇంత తక్కువ లేదు. నీ రెండో ప్రశ్నకి అవును, కొంత అలాగే. 2014-15 నుంచి తొమ్మిదేళ్లలో సుమారు 14.56 లక్షల కోట్లు రైటాఫ్ చేసినట్టు ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది, అందులో సగం పెద్ద పరిశ్రమలు, సేవా సంస్థలవి. రైటాఫ్ అంటే మాఫీ కాదు, నూటికి నూరు ప్రొవిజన్ పెట్టేశాక పుస్తకంలోంచి తీసేయడం, వసూలు చేసే హక్కు ఉంటుంది. ఈ వాక్యం ప్రతి బ్యాంకు ఆఫీసరూ చెప్తాడు. వసూలైంది మాత్రం 2 లక్షల కోట్లు చిల్లర. మిగతాది ఎక్కడి నుంచి పూడింది? కొంత బ్యాంకు లాభాల్లోంచి, అంటే మన వడ్డీల్లోంచి. కొంత 2017లో ప్రకటించిన 2.11 లక్షల కోట్ల మూలధనం లాంటి ప్యాకేజీల్లోంచి, అందులో పెద్ద భాగం ప్రభుత్వ బాండ్లు, అంటే మన పన్నుల్లోంచి. ఇంకొంత డిపాజిట్‌దారుల నుంచి. ఎస్‌బీఐలో సేవింగ్స్ ఖాతాకి ఏళ్ల తరబడి ఉన్న 4 శాతం 2017 జూలైలో 3.5 అయింది, 2020కి 2.70. మా అమ్మమ్మ పెన్షన్ అందులోనే పడి ఉంటుంది.

అంటే ఇప్పుడు "మొండి బాకీల భారం" అని శ్రీనుగారికి చెప్పడం ఒట్టి సాకు. పాత భారం ఎప్పుడో దింపేశారు, మోసిన కూలీ మాత్రం ఇంకా వసూలు చేస్తున్నారు.

పాతక్యాషియర్
అమ్మాయీ, చివరి ముక్క కొంచెం ఘాటు. ఎన్‌పీఏలు తగ్గాక కూడా భయం పోదు. క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు హద్దు మీరుతున్నాయని 2023 నవంబరులో ఆర్‌బీఐ పర్సనల్ లోన్ల రిస్క్ వెయిట్ 100 నుంచి 125 చేసింది. వంద అప్పిస్తే ఇంతకుముందు కంటే పావు వంతు ఎక్కువ మూలధనం పక్కన ఉంచాలి, ఆ ఖర్చు వడ్డీలో కలుస్తుంది. అంటే బాకీ మొండిది కాకముందే, అవుతుందేమోనన్న అనుమానానికి కూడా మనమే కడతాం. కానీ ఇంటి లోనుకి అది వర్తించదు, శ్రీనుగారి విషయంలో నీదే గెలుపు.

శ్రీనుగారూ, పని చెప్తా వినండి. 2019 సెప్టెంబరు ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం బేస్ రేటు మీద ఉన్న మీలాంటి ఫ్లోటింగ్ హోమ్ లోన్ వాళ్లు రెపో రేటుకి మారొచ్చు. సహేతుకమైన పాలనా ఖర్చులు, లీగల్ ఖర్చులు తప్ప వేరే ఫీజు అడగకూడదు. నోటితో అడగొద్దు, కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇవ్వనంటే ఇంకో బ్యాంకు నుంచి టేకోవర్ శాంక్షన్ లెటర్, అంటే మీ లోన్ మేం తీసుకుంటామనే కాగితం, తెచ్చి టేబుల్ మీద పెట్టండి. ఫ్లోటింగ్ ఇంటి లోనుకి ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు, 2012 నుంచీ లేదు. నేను కుర్చీలో ఉన్నప్పుడు ఆ లెటర్ కనపడగానే రేటు తగ్గించిన సందర్భాలు చాలా ఉన్నాయి, దాచడం దేనికి.

కొత్తపేట_శ్రీను
పన్నెండు రోజుల తర్వాత వచ్చా. ముందు పావు శాతం ఫీజు, జీఎస్టీతో కలిపి 5,015 అన్నారు. సర్క్యులర్ ప్రింటు చూపిస్తే "అది కూడా పాలనా ఖర్చే సార్" అన్నాడు! టేకోవర్ లెటర్ తీశాక లోపలికి పిలిచారు, కుర్చీ వేశారు. 7.95కి మార్చారు, ఫీజు వెయ్యి ప్లస్ జీఎస్టీ. ఈఎంఐ అదే ఉంచమన్నా. 81 నెలలు మిగిలి ఉన్నది 74 అయింది. ఏడు ఈఎంఐలు, రెండు లక్షలు. 2019లోనే అడిగి ఉంటే ఎంత మిగిలేదో మా ఆవిడ లెక్క వేస్తోంది, నేను బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నా.

దూదిబేలు
శుభం శ్రీనుగారూ. పెద్దాయనా, ఈ టేకోవర్ లెటర్ మంత్రం సీసీ లిమిట్‌కి పని చేస్తుందా?

పాతక్యాషియర్
చేస్తుంది గానీ మీకు తాకట్టు కాగితాలు విడిపించి కొత్త బ్యాంకులో మళ్లీ రాయించే ఖర్చు పెద్దది, శాంక్షన్ లెటర్‌లో ముందస్తు చెల్లింపు షరతు ఏముందో కూడా చూడాలి. ఆ పేజీ ఫొటో పెట్టండి, ఖాతా నంబరు మీద వేలు అడ్డం పెట్టి.